గీకిన గంజు

తప్పంతా మామ దుర్గయ్యది. పేరు కొట్టకపోయినా గంజులో అన్నం ఉడుకుతుంది. ఆ చిన్న సంగతి తెలియని మనిషి వల్ల నర్సన్న ఇల్లు పాడయింది. ఈ విషయంలో నర్సన్నకు ఏనాడూ అనుమానం లేదు. భార్య బతికున్నప్పుడూ లేదు, ఆమెను కాష్ఠం మీద పెట్టి వచ్చిన నాడూ లేదు.

దుర్గయ్య నర్సన్నకు సొంత మేనమామ. సిరిసిల్లలో సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద పనిచేసేవాడు. పొద్దంతా ఆ చప్పుడులో ఉండి ఉండి చెవులు మందగించాయి. పక్కన కూర్చున్నవాడితో కూడా వాగు అవతలి మనిషిని పిలిచినట్టు మాట్లాడేవాడు. నలభై ఏళ్లు వచ్చేదాకా వేలిముద్ర మనిషి. ఆ వయసులో కార్మికుల కోసం పెట్టిన రాత్రి బడికి పోయి అక్షరాలు దిద్దాడు. అక్షరాలు సగం వచ్చాయి, గర్వం మాత్రం నిండా వచ్చింది. బస్సు మీద బోర్డు కనబడితే చాలు, ఆగి చదివేవాడు. చదివేలోపల బస్సు పోయేది.

ఆయన తన ఒక్కగానొక్క బిడ్డ ఎల్లవ్వను నర్సన్నకిచ్చి చేశాడు. నర్సన్నది మేడిపల్లికి రెండు కోసుల దూరంలో ఉన్న ఊరు. పెళ్లయిన మూడేళ్లకు నర్సన్న అన్నదమ్ములతో వేరుపడ్డాడు. వేరు పొయ్యి పెట్టుకునే ఆడపిల్లకు పుట్టింటివాళ్లు వంటసామాను తేవాలి. దుర్గయ్య సిరిసిల్ల నుంచి బస్సెక్కి కోరుట్లలో దిగాడు. మోసుకు రావడానికి నర్సన్న ఎదురుపోయాడు. మామాఅల్లుళ్లిద్దరూ గిన్నెల దుకాణంలో మానెడు బియ్యం ఉడికే ఇత్తడి గంజు ఒకటి ఏరుకున్నారు. దుకాణం అరుగు మీద దేవదాస్ అనే మనిషి కూర్చుని, చిన్న ఉలితో గిన్నెల మీద చుక్కలు చుక్కలుగా పేర్లు కొడుతున్నాడు.

"పేరు చెప్పు పెద్దమనిషీ, కొడుత" అన్నాడు దేవదాస్.

"ఇటు తే. నేను కొడుత."

"గది ఇత్తడి, పలక కాదు. తప్పు వడితె తుడుసుడుండది."

"తప్పు వడనియ్య" అని మామ ఉలి గుంజుకున్నాడు.

పొద్దు గూకేదాకా కొట్టాడు. ఆయన చెవిటివాడు. సుత్తెదెబ్బ ఎంత గట్టిగా పడుతున్నదో ఆయనకు తెలియదు. అక్షరాలు లోతుగా దిగాయి. వరుస గంజు అంచు దగ్గర మొదలై, పోను పోను కిందికి జారింది. 'మా ఎల్లవ్వకు బాపు దుర్గయ్య ఇచ్చింది.'

"గొర్లు గుట్ట దిగినట్టున్నయి" అన్నాడు దేవదాస్.

"దిగనీ. ఇంటికే పోతున్నయి గదా" అన్నాడు మామ.

మరుసటి ఏడు ఆయన చనిపోయాడు. సంతకాలు పక్కన పెడితే, ఆయన జన్మలో రాసింది ఆ ఒక్క ముక్కే.

ఎల్లవ్వకు చదువు రాదు. నర్సన్న ఊరి బడిలో ఐదు దాకా చదివాడు. గంజు ఇంటికి వచ్చిన రోజు ఆమె అతని వేలు పట్టుకుని ఒక్కో అక్షరం మీద పెట్టించి చదివించుకుంది. ఒక్కసారే. తర్వాత ఆమెకు చదివేవాడి అవసరం పడలేదు. చింతపండుతో గంజు తోమేటప్పుడు ఆమె వేలు ఆ గుట్ట దిగేది. ఎక్కడ తన పేరుందో, ఎక్కడ బాపు పేరుందో వేలికి తెలుసు. ఏడాదికొకసారి కళాయి వేసేవాడు వస్తే, లోపల మాత్రమే వెయ్యమని, బయట చెయ్యి పెట్టొద్దని వాడి నెత్తి మీద నిలబడేది.

ఆ రోజుల్లో ఊరికి అన్నలు, అంటే అడవిలో ఉండే నక్సలైట్లు, వచ్చేవాళ్లు. ఇంటికింత అన్నం అడిగేవాళ్లు. లేదనడానికి ఎవరికీ నోరు రాదు. కొందరికి లేదనే మనసూ ఉండదు. ఎవరింటి గంజులో వాళ్లు పెట్టి పంపితే, తిన్నాక గంజులు తిరిగి వచ్చేవి. ఎల్లవ్వ గంజు కూడా ఒకసారి పోయి వచ్చింది.

ఎనభై ఏడు ఎండాకాలంలో గుట్టల్లో కాల్పులు జరిగాయి. అన్నలు ముందున్న కూడు వదిలేసి పారిపోయారు. పోలీసులకు అక్కడ ఒక గంజు దొరికింది. దాని మీద 'కనకయ్య' అని ఉంది. ఊళ్లో ఇద్దరు కనకయ్యలు ఉంటే ఇద్దరినీ తీసుకుపోయారు. ఒకతను మూడోనాడు వచ్చాడు. నర్సన్న పక్కింటి కనకయ్య తొమ్మిదో నాడు, ఇద్దరు మోస్తే వచ్చాడు. తర్వాత కట్టె లేకుండా నడవలేదు.

దాంతో ఊరంతా గంజుల మీది పేర్లు గీకడం మొదలుపెట్టింది. వడ్రంగి పని చేసే వడ్లాయన దగ్గర ఒకటే ఆకురాయి. అది ఇల్లిల్లూ తిరిగింది. బావి దగ్గర బిందెలకు వంతులున్నట్టు ఆకురాయికి వంతులు పడ్డాయి. తాతలు ఇచ్చినవి, మేనత్తలు ఇచ్చినవి, చనిపోయిన తల్లులు ఇచ్చినవి, అన్నిటి పేర్లూ పొడి పొడిగా రాలాయి.

"రేపు మన వంతు" అన్నాడు నర్సన్న. "ఆకురాయి అస్తది."

"మనకద్దు" అంది ఎల్లవ్వ.

"ఎందుకద్దు?"

"గా గంజు ఇగ గడప దాటది. అన్నలస్తె మోదుగాకుల పెడుత. ఇంట్లనే ఉన్నంక పేరుంటేంది?"

"పోలీసోడు ఇంట్లకు రాడా?"

"రానీ. సదువుకోనీ. మా బాపు పేరేమన్న దొంగ పేరా?"

"నీ బాపుకు పేర్లు కొట్టుడు దప్ప పనిలేకుండె."

"నీ బాపు నీకు గది గూడ కొట్టియ్యకపాయె."

"ఎల్లీ, కనకయ్య కట్టె వట్టుకోని నడుసుడు సూస్తలేవా?"

"సూస్తున్న బావా. ఆయన గంజు గుట్టల దొరికింది. నాది పొయ్యి మీదున్నది. గీ రెండు ఒక్కటే ఎట్లయితయి?"

మరునాడు మధ్యాహ్నం ఎల్లవ్వ మూడేళ్ల బిడ్డ నీలను చంకనేసుకుని, చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి మేడిపల్లి పోయింది. నర్సన్న ఆకురాయి తెచ్చుకుని, కొట్టంలో కూర్చుని గంజును మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. అందరి గంజులూ చిటికెలో అయిపోయాయని విన్నాడు. ఇది కాలేదు. మామ అంత లోతుగా దించాడు. ఒక్కో అక్షరానికి చెయ్యి మార్చి మార్చి రాకాల్సి వచ్చింది. పని అయ్యేసరికి నల్లబడిన గంజు మీద జానెడు మేర బంగారంలా మెరిసింది.

ఎల్లవ్వ వచ్చి చూసింది. అరవలేదు. పిల్లను దించి, ఆ మెరుస్తున్న చోట వేలు పెట్టి ఒకసారి అటునుంచి ఇటు తీసింది.

"పొడి ఏం జేసినవ్?" అంది.

"ఏం పొడి?"

"రాలిన పొడి."

"పెంటల ఊడ్చిన."

ఆమె పెంటకుప్ప దగ్గరికి పోయి నిలబడింది. తర్వాత వచ్చి అదే గంజులో ఎసరు పెట్టింది.

వరినాట్లు అయిన పదిరోజులకు పోలీసులు ఊళ్లోకి దిగారు. కొత్త ఎస్సై. అందరి ఇళ్ల ముందూ గిన్నెలు, గంజులు బయట పెట్టి బోర్లించమన్నాడు. పేర్లు వెతుకుతాడనుకున్నారు. పేర్లు లేవు కదా అని ఊరు లోలోపల నవ్వుకుంది. ఎస్సై పేర్లు వెతకలేదు. గంగవ్వ అనే ముసలామె ఇంటి ముందు ఆగాడు. ఆమెకు వెనకా ముందూ ఎవరూ లేరు, గీకిపెట్టేవాడూ లేడు. ఆమె గిన్నెల మీద ఆమె పేరు, చనిపోయిన మొగుడి పేరు అన్నీ ఉన్నాయి.

"అవ్వా, నీవి లోపట పెట్టుకో" అన్నాడు ఎస్సై. పక్క ఇంటికి పోయి, గంజు మీది తెల్లటి గీతల మీద లాఠీ ఆనించాడు. "ఇక్కడ ఏముండె?"

అప్పుడు అర్థమయింది ఊరికి. పేరున్న గంజు పేరున్న గంజే. గీకిన గంజు మాత్రం నేరం ఒప్పుకున్న గంజు. తుడిచేసిన వాడికే ఏదో తుడవాల్సింది ఉందని లెక్క. ఊరంతా ఒకరిని చూసి ఒకరు చేసిన తెలివైన పని అది.

నర్సన్న వాకిట్లో ఇత్తడి గంజు బోర్లించి ఉంది. జానెడు మెరుపు ఎండకు కళ్లలో కొడుతున్నది.

"ఎవలు గీకిన్రు?"

నర్సన్న నోరు తెరిచాడు. ఇది నిజం, తెరిచాడు. ఊపిరి వచ్చింది, మాట రాలేదు.

"నేనే సారూ" అంది ఎల్లవ్వ. "మా బాపు పేరుండె. సచ్చిపోయిండు. తోమినప్పుడల్ల ఏడుపస్తుందని గీకిన."

"ఊరందరి బాపులు ఒక్కపారే యాదికచ్చిన్రా?" అన్నాడు ఎస్సై. కానిస్టేబుల్ ఒకడు నవ్వాడు.

ఎనిమిదిమంది మగవాళ్లను, ఇద్దరు ఆడవాళ్లను జీపు ఎక్కించారు. ఎల్లవ్వ పోతూ నీలను గంగవ్వకు అందించింది. నర్సన్న వైపు చూడలేదు. చూసి ఉంటే చెప్పేవాడినేనని నర్సన్న తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. నోరు తెరిచిన మనిషికి ఒక క్షణం ఇయ్యాలి కదా. ఆమె తొందరపడింది. తండ్రి పోలిక.

పోలీసు క్యాంపుకు పోతే గేటు దగ్గరికి కూడా రానివ్వలేదు. మాట చెల్లే మనిషి కావాలన్నారు. నర్సన్నకు తెలిసిన అలాంటి మనిషి ఒక్కడే. శ్యాంసుందర్ రావు. ఆ ఊరి దొర. తొమ్మిదేళ్ల కింద రైతుకూలీ సంఘం లేచి వెట్టి మానిపించినప్పుడు గడీకి తాళం వేసి జగిత్యాల పోయి కిరాయింట్లో ఉంటున్నాడు. ఆ నాడు గడీ ముందు నిలబడ్డ జనంలో నర్సన్న కూడా ఉన్నాడు.

పొద్దున పోతే పొద్దు మళ్లేదాకా వరండాలో కూర్చోబెట్టారు. దొర పడక కుర్చీలోంచి లేవకుండానే పిలిచాడు.

"నీ బాంచెన్ దొరా" అన్నాడు నర్సన్న. తొమ్మిదేళ్లుగా అనని మాట. నోరు మరిచిపోలేదు.

"ఏం నర్సిగా. గంజుల మీద పేర్లు గీకుతున్నరట గదా ఊల్లె."

"అవు దొరా."

"మా గడీ గోడ మీద ఎర్రరంగుతోని నా పేరు రాసిన్రు. ఎట్ల సంపుతరో గూడ రాసిన్రు. గది గీకెటోడు దొరుకలేదార మీకు?"

నర్సన్న భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఆకురాయి లేకుండెనా?"

"తప్పయింది దొరా."

దొరకు ఆ మాట సరిపోయినట్టుంది. కుర్చీలో వెనక్కి వాలాడు. "నీ పెండ్లాం పేరేంది?"

"ఎల్లవ్వ."

"నేను ఫోన్ల మాట్లాడాలంటె నిజం చెప్పు. గంజు ఎవలు గీకిన్రు? నువ్వు గీకినవా, అది గీకిందా?"

ఎస్సై ముందు నోరు పెగలలేదన్న మాట నిజమే. ఇక్కడ లాఠీ లేదు. జీపు లేదు. లోపల ఎవరో చాయ్ గిన్నె కడుగుతున్న చప్పుడు మాత్రం ఉంది. తాను గీకానంటే ఆమెను విడిచి తనను పట్టుకుంటారు. పొలంలో నాటేసిన వరి ఉంది. ఇంట్లో చిన్నపిల్ల ఉంది. అడిగినదానికి జవాబు చెప్పడానికి నర్సన్నకు ఎక్కువసేపు పట్టలేదు.

"అదే గీకింది దొరా. దానికి తెల్వది."

"ఆడోల్లను గట్ల ఇడిసిపెడితె గిట్లనే ఉంటది" అని దొర ఫోను దగ్గరికి లేచాడు.

ఐదో రోజు ఎల్లవ్వను వదిలారు. నర్సన్న రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. ఆమె నడిచే వచ్చింది. చేతులు మాత్రం పైటకొంగులో చుట్టుకుని ఉంది. బస్సు ఎక్కేటప్పుడు కడ్డీ పట్టుకోలేకపోతే కండక్టరు జబ్బ పట్టి లాగాడు. కూర్చున్నాక కొంగు జారింది. అరచేతులు ఉబ్బి, వేళ్లు ఒకదానికొకటి ఆనకుండా విడివిడిగా నిలబడి ఉన్నాయి.

"నేను చెప్పేలోపట్నే నువ్వు చెప్తివి" అన్నాడు నర్సన్న.

"అవు" అంది.

అంతే. ఆ రోజు నుంచి ఆ మాట ఎత్తలేదు. కోపం చూపించి ఉంటే నర్సన్నకు బాగుండేది. అన్నం పెట్టింది. నీళ్లు తోడిపెట్టింది. పొలానికి వచ్చింది. బీడీలు చుట్టడం మాత్రం పోయింది. ఆకు మడిచే చోట వేళ్లు వంగలేదు, స్పర్శ తెలియలేదు. వేడి గంజును గుడ్డ లేకుండా దించేది, కాలిన సంగతి చర్మం ఊడితేగానీ తెలిసేది కాదు. తోమిన గంజును గీకిన వైపు గోడకు తిప్పి పెట్టేది. పొరపాటున నర్సన్న ఇటు తిప్పి పెడితే, ఏమీ అనకుండా మళ్లీ తిప్పేది.

నీల పెరిగింది. గీకిన గంజు కథ ఊళ్లో అందరికీ తెలిసిందే. ఎల్లవ్వే గీకిందని, పోలీసులకు ఆమే ఒప్పుకుందని. బడికి పోయి నాలుగు ముక్కలు నేర్చిన పిల్లకు నోరు ఊరుకోలేదు.

"తాత ఒక్కటే రాసిండట గదనే జన్మల. గదాన్ని గీకుటానికి నీకు చేతులెట్లచ్చినయి అవ్వా?"

ఎల్లవ్వ పొయ్యి ఊదుకునేది.

"భయపడి గీకినవు. గీకినా కొట్టిన్రు. అటు పేరు వాయె, ఇటు చేతులు వాయె. నీ అసొంటి పిరికిది ఉండది."

అరుగు మీద కూర్చున్న నర్సన్నకు వినబడేది. దగ్గేవాడు. లేదా ఎడ్లకు గడ్డి వెయ్యడానికి లేచేవాడు. ఒక్కోసారి అనిపించేది, ఈ పిల్లను ఎల్లవ్వ కావాలనే అననిస్తున్నదని, తాను వినాలనే అననిస్తున్నదని. అలాంటి మనిషి కాదని కూడా తెలుసు. రెండూ తెలిసి ఊరుకున్నాడు. అలా పద్దెనిమిదేళ్లు పోయాయి.

రెండువేల ఐదులో, వానలు వెనకబడ్డప్పుడు, ఎల్లవ్వ వారం రోజుల జ్వరంతో పోయింది. దినాలు అయిపోయిన మరునాడు నీల సామాను సర్దింది. నీలను కోరుట్లలో ఇచ్చారు. అల్లుడు దుబాయిలో ఉంటాడు. తల్లి పుట్టింటి నుంచి తెచ్చుకున్నది బిడ్డకు పోతుంది. ఎల్లవ్వ తెచ్చుకున్నది అంటూ మిగిలింది ఆ గంజు ఒక్కటే. నీల దాన్ని వాకిట్లోకి తెచ్చి ముందేసుకుని కూర్చుంది. పాత మెరుపు ఎప్పుడో నల్లబడింది. చెయ్యి పెడితే మాత్రం ఆ జానెడు చోటు నున్నగా తగులుతుంది.

"బాపూ, నేనిది తీస్కపోయి మల్ల పేరు కొట్టిస్త" అంది. "గిప్పుడు మిషిన్ తోని కొడుతున్నరు. తాత ఏం రాసిండో నువ్వు జెప్పాలె. నువ్వొక్కనివే సదివినవట." నోటుబుక్కు, పెన్సిలు ముందుకు జరిపింది. "అవ్వ గీకింది, నేను కొట్టిచ్చిన అన్నట్టుంటది. పాపం పోతది."

పెన్సిలు అందుకోబోయిన నర్సన్న చెయ్యి ఆ మాటతో ఆగిపోయింది. నాలుగు ముక్కలు రాసిస్తే అయిపోతుంది. బిడ్డ సంతోషంగా బస్సెక్కుతుంది. అంతకాలం ఆ అబద్ధానికి ఎల్లవ్వ కాపలా ఉంది. ఇప్పుడు ఆ కాపలా తన మీద పడింది. ఎల్లవ్వ బతికున్నన్నాళ్లూ నోరు విప్పనివాడికి, ఎల్లవ్వ పాపం అని బిడ్డ అంటుంటే ఊరుకోవడం ఎందుకో చేతకాలేదు.

"మీ అవ్వ గీకలే" అన్నాడు. "నేను గీకిన."

నీలకు అర్థం కాలేదు. "ఏంది?"

"అది అద్దన్నది. బీడీలియ్య పోయినప్పుడు నేను గీకిన. పోలీసోడు అడిగితె అదే తన మీదేసుకున్నది."

"నువ్వేమన్నవ్?"

"ఏమనలే."

"తర్వాత? దొర తానికి పోయినవట గదా. దొర అడుగలేదా?"

"అడిగిండు. అది గీకిందని చెప్పిన."

నీల గంజు మీద పెట్టిన చెయ్యి తీసి ఒడిలో పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు.

"ఎన్ని మాటలన్న అవ్వను. పిరికిదన్న. నువ్వు గా అరుగు మీద కూసోని ఇన్నవ్."

"ఇన్న."

"ఎన్నడన్న ఒక్కపారి చెప్పద్దా?"

"చెప్తె ఏమయ్యేది? దాని చేతులు మల్ల అచ్చేటియా?"

"రావు" అంది నీల. "అవ్వ ఇనేది గదా."

నర్సన్న తల తిప్పుకున్నాడు. కనకయ్య ఇంటి వాకిట్లో ఎవరో చేటలతో వడ్లు చెరుగుతున్నారు. నీల లేచి గంజును పాతచీరలో మూటగట్టింది. గడప దగ్గర ఆగింది.

"తాత ఏం రాసిండో గదన్న చెప్పు. గది నీ సొత్తు కాదు."

"యాదికున్నది" అన్నాడు నర్సన్న. ఒక్కో అక్షరానికి చెయ్యి మార్చి రాకినవాడు ఎలా మరిచిపోతాడు. "యాదికున్నది గని చెప్ప. గా రాతనే మన ఇల్లు ముంచింది."

"బాపూ."

"ఒక్క మాట అడిగితివి, చెప్పిన. గంజు నీది, తీస్కపో. ఇగ గీ ముచ్చట నా ముందట ఎత్తకు. నువ్వడిగినా చెప్ప, ఎవలడిగినా చెప్ప. సచ్చేటప్పుడు నోట్ల నీల్లు వోసుకుంట అడిగినా చెప్ప. పో, బస్సు టయిమయింది."